పట్టీ మీద అంకె తెగకూడదు: ఫాక్స్‌ప్రో నుంచి పోస్ట్‌గ్రెస్‌కి ఒక ప్రాజెక్టు డైరీ

మే మొదటి వారం

గుంటూరు మిర్చి యార్డుకి వేసవి సెలవులు ఇస్తే కమీషన్ కొట్లలో రెండే పనులు నడుస్తాయి. ఒకటి పాత బాకీలు తేల్చుకోవడం, రెండోది సీజన్లో తీరిక లేక పక్కన పడేసిన రిపేర్లు చేయించుకోవడం. మా చేతికి వచ్చింది రెండో రకం పని.

కొట్టులో ఉన్నది ఫాక్స్‌ప్రో 2.6 అనే పాత డేటాబేస్ సాఫ్ట్‌వేర్, డాస్ వెర్షన్. 1994 నాటి సరుకు. రైతు సరుకు కాటా పడగానే పేరు, ఊరు, రకం, టిక్కీలు (బస్తాలు), బరువు, రేటు కొడితే పట్టీ, అంటే రైతుకిచ్చే లెక్క చీటీ, ప్రింటయి వచ్చేస్తుంది. ఇన్నేళ్లూ దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, ముట్టుకోవాల్సిన అవసరమూ రాలేదు. ఇప్పుడు పాత సిస్టమ్ ముసలిదైంది. కొత్తది కొంటే 64 బిట్ విండోస్ వస్తుంది, అందులో 16 బిట్ ప్రోగ్రాములు అసలు తెరుచుకోవు. పాత డాస్‌ని అనుకరించే డాస్‌బాక్స్‌తో బండి లాగించొచ్చు. కానీ షావుకారు గారికి ఫోన్‌లోనూ పట్టీ కనపడాలి, రెండు కౌంటర్లలోనూ ఒకేసారి బిల్లు పడాలి. అందుకని డేటా అంతా పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌కి మార్చి, పట్టీ తయారుచేసే పనిని దాని సొంత ప్రోగ్రామింగ్ భాష పీఎల్/పీజీఎస్‌క్యూఎల్‌లో రాయాలని నిర్ణయం.

షరతు ఒక్కటే పెట్టారు. పట్టీ ఇప్పుడున్నట్టే ఉండాలి. అచ్చు వేయించిన గళ్ల కాగితాలు మేడ మీద గదిలో అట్టపెట్టెల నిండా ఉన్నాయి. 10 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల పొడవు, మధ్యలో కార్బన్. ఒకటి రైతుకి, ఒకటి కొట్టుకి. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఇంకా బతికి ఉన్నదీ అందుకే. లేజర్ ప్రింటర్ కాగితాన్ని గుద్దదు, గుద్దకపోతే కార్బన్ పడదు.

ఇలాంటి ఫార్మాటింగ్ డేటాబేస్‌లో ఎందుకు, పైన అప్లికేషన్‌లో చేసుకోవచ్చు కదా అని మా ఆఫీసులోనే వాదన నడిచింది. మామూలుగా అయితే నేనూ అదే అంటాను. ఇక్కడ మాత్రం కౌంటర్ స్క్రీన్, ఫోన్, సాయంత్రం కట్టకట్టి తీసే నకళ్లు, మూడూ ఒకే పట్టీని చూపించాలి. మూడుచోట్ల మూడు భాషల్లో ఖాళీలు లెక్కపెట్టుకుంటూ కూర్చునేకంటే, 80 అక్షరాల వెడల్పున్న లైన్లను ఒకే ఫంక్షన్ ఇస్తే ఎవరికి కావాలన్నా అదే ఇవ్వొచ్చు.

పాత కోడ్ చదవడం

ఫాక్స్‌ప్రోలో ప్రింటు అంటే ఎక్కువగా 'ఎట్–సే' కమాండే. వరుస నంబరు, నిలువు నంబరు చెప్పి, అక్కడ ఏం రాయాలో, ఏ పిక్చర్‌లో (అంకెల అమరిక నమూనాలో) రాయాలో చెప్పడం. సెట్ డివైస్ టు ప్రింట్ అంటే తెర మీద పడాల్సింది కాగితం మీద పడుతుంది. దీనికో పాత తిక్క ఉంది. ప్రింటర్ 12వ వరుసలో ఉండగా 10వ వరుసలో ఏదైనా రాయమంటే వెనక్కి వెళ్లలేదు కాబట్టి కాగితాన్ని బయటికి తోసేసి కొత్త పేజీ మొదలుపెడుతుంది. పాత ప్రోగ్రాములో వరుసలన్నీ పైనుంచి కిందికి పద్ధతిగా ఉన్నాయి. రాసినాయన ఎవరో తెలియదు గానీ జాగ్రత్త ఉన్న మనిషి.

కొలతలు కోడ్ నుంచి తీసుకుంటే సరిపోదు, కాగితం నుంచి కూడా తీసుకోవాలి. దీనికి నేను చేసేది ఒకటుంది. 1234567890 అనే వరుసను ఎనిమిదిసార్లు పక్కపక్కనే అతికిస్తే 80 అక్షరాల స్కేలు తయారవుతుంది. రిపీట్ ఫంక్షన్‌తో ఒక్క లైనులో అయిపోతుంది. దాన్ని 36 వరుసల్లోనూ అసలు గళ్ల కాగితం మీదే ప్రింటు తీశాను. అంగుళానికి 6 వరుసలు, 6 అంగుళాలు, అందుకే 36. ఏ గడి ఏ అక్షరం దగ్గర మొదలై ఎక్కడ ముగుస్తుందో పెన్సిల్‌తో గుర్తుపెట్టుకుంటే ఇంక వాదనలుండవు. 'మొత్తం' గడి 68 నుంచి 79 దాకా, అంటే 12 అక్షరాలు. 'బయానా' గడి 6 అక్షరాలే. ఈ ఆరు సంగతి తర్వాత చెప్తాను.

రైజ్ నోటీస్‌తో మొదలు

పోస్ట్‌గ్రెస్ ఫంక్షన్‌లోంచి ఏదైనా తెర మీద చూపించాలంటే అందరి చెయ్యీ ముందు వెళ్లేది రైజ్ నోటీస్ అనే సందేశం కమాండ్ మీదికే. ఒరాకిల్ నుంచి వచ్చినవాళ్లకు డీబీఎంఎస్ అవుట్‌పుట్ పుట్‌లైన్ లాంటిదన్నమాట. చిన్న పరీక్షలకి బాగుంటుంది. పట్టీకి పనికిరాదు.

ఎందుకంటే ప్రతి లైను ముందూ 'నోటీస్' అని తోక తగిలిస్తుంది. దాంట్లో శాతం గుర్తు పెట్టిన చోట విలువ వచ్చి కూర్చుంటుంది గానీ, ఎన్ని అక్షరాల వెడల్పు, కుడికా ఎడమకా అని చెప్పే వీలు లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, పోస్ట్‌గ్రెస్‌తో మాట్లాడే పీఎస్‌క్యూఎల్ అనే ప్రోగ్రాము దాన్ని మామూలు అవుట్‌పుట్‌లో కాకుండా ఎర్రర్లు వెళ్లే దారిలో పంపిస్తుంది. ఫైల్లోకి మళ్లిస్తే ఫైలు ఖాళీ, తెర మీద మాత్రం పట్టీ కనపడుతుంది. మా జూనియర్ అమ్మాయి చాలాసేపు ఫైలు పర్మిషన్లు చూస్తూ కూర్చుంది పాపం.

పద్ధతైన దారి: ఫంక్షన్ సెటాఫ్ టెక్స్ట్ (టెక్స్ట్ వరుసల జాబితా) తిరిగిచ్చేలా రాసి, ఒక్కో లైనుకి ఒక్కో రిటర్న్ నెక్స్ట్. పీఎస్‌క్యూఎల్‌ని అన్‌అలైన్డ్‌గా (కాలమ్స్ సర్దకుండా), హెడ్డింగులు లేకుండా నడిపితే ఉన్నది ఉన్నట్టు బయటికొస్తుంది. రైజ్‌ని హెచ్చరికలకే ఉంచుకున్నాను.

టు_చార్ తిప్పలు

మన లక్షల కామాలు ఎలా అన్న ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. అంకెను అక్షరాలుగా మార్చే టు_చార్ ఫంక్షన్‌కి ఇచ్చే టెంప్లేట్‌లో కామా ఎక్కడ పెడితే అక్కడే పడుతుంది, దానికి వేలూ మిలియన్లూ తెలియవు. 99,99,990.00 అని ఇస్తే 256492.5 చక్కగా 2,56,492.50 అయి వస్తుంది. ఫాక్స్‌ప్రో పిక్చర్‌లో కూడా ఇంతే కాబట్టి పాత టెంప్లేట్లు దాదాపు అలాగే తెచ్చుకున్నాను.

తేడా వచ్చింది ఖాళీ దగ్గర. టు_చార్ మైనస్ గుర్తు కోసమని ముందు ఒక గడి వదిలిపెడుతుంది. 999 అని టెంప్లేట్ ఇచ్చి 485 అడిగితే వచ్చేది మూడు కాదు, నాలుగు అక్షరాలు. ఒక లైనులో ఐదు అంకెల గళ్లుంటే చివరి గడి ఐదు అక్షరాలు కుడికి జరిగిపోతుంది. తెర మీద చూస్తే ఎవరూ పట్టుకోలేరు, గళ్ల కాగితం మీద మాత్రం పైసలు గీతెక్కి కూర్చుంటాయి.

దానికి టెంప్లేట్ ముందు ఎఫ్ఎమ్ పెడితే ఖాళీలన్నీ పోతాయి. అప్పుడు మళ్లీ వెడల్పు మనమే కట్టుకోవాలి, ఫార్మాట్ ఫంక్షన్‌లో శాతం గుర్తుకీ ఎస్‌కీ మధ్య 12 అని రాస్తే కుడివైపుకి, మైనస్ 12 అని రాస్తే ఎడమవైపుకి సర్దుతుంది. ఎఫ్ఎమ్ పెట్టినప్పుడు చుక్క తర్వాత 99 కాకుండా 00 రాయాలి. లేకపోతే 148.50 కాస్తా 148.5 అవుతుంది. రైతు దగ్గర అర్ధ రూపాయి పోదు గానీ, పట్టీ చూసినవాడికి ఏదో తేడాగా అనిపిస్తుంది.

సున్నాల సంగతి ఇంకోటి. లారీ బాడుగ లేని రైతుకి ఆ గడి ఖాళీగా ఉండాలి, 0.00 అని కాదు. ఫాక్స్‌ప్రోలో పిక్చర్‌కి జెడ్ తగిలిస్తే అయిపోయేది. ఇక్కడ నల్ఇఫ్‌తో సున్నాని నల్ (విలువే లేని స్థితి) చేయాలి. ఆ తర్వాత లైనును రెండు నిలువు గీతల గుర్తుతో అతికించుకుంటూ పోతే ఒక్క నల్ తగిలినా లైను మొత్తం నల్ అయిపోతుంది, పట్టీలో ఒక రకం మిరప మాయం. ఫార్మాట్ ఫంక్షన్ మాత్రం నల్‌ని ఖాళీగా తీసుకుంటుంది, వెడల్పు చెక్కుచెదరదు. నా దృష్టిలో అతికింపులు మానేసి ఫార్మాట్ వాడటానికి ఈ ఒక్క కారణం చాలు.

ఇప్పుడు ఒక లైను ఇలా వస్తోంది:

తేజ | 37 | 1,554.500 | 16,500.00 | 2,56,492.50

రకం తేజ, 37 టిక్కీలు, నికర బరువు కిలోల్లో, క్వింటా రేటు, మొత్తం. 15.545 క్వింటాళ్లని 16,500తో గుణిస్తే సరిగ్గా అదే. కాలమ్స్ అన్నీ న్యూమరిక్ రకంలోనే పెట్టాను. డబుల్ ప్రెసిషన్‌లో 2.5ని రౌండ్ చేస్తే 2 వస్తుంది, న్యూమరిక్‌లో 3 వస్తుంది. యార్డులో ఏది ఒప్పుకుంటారో అడగక్కర్లేదు.

బయానా గడి, ఆరు అక్షరాలు

ప్రాజెక్టు మొత్తంలో నేను ఎక్కువసేపు కూర్చున్నది దీని మీద.

సరుకు రాకముందే రైతు కొట్టులో తీసుకున్న డబ్బు బయానా గడిలో పడుతుంది. దాంట్లో కామాలు లేవు, పైసలు లేవు, ఆరు అంకెలే. ఆ కాగితం డిజైన్ చేసిన రోజుల్లో ఒక రైతుకి పది లక్షల బయానా అంటే ఊహకందని మాట. ఇప్పుడు కౌలుకి పాతిక ఎకరాలు తీసుకుని మిరప వేసేవాళ్లున్నారు.

పరీక్షకి ఒక లెక్క పెట్టాను. బయానా 10,50,000. పాత ఫాక్స్‌ప్రోలో ఎస్‌టీఆర్ ఫంక్షన్‌కి ఆరు వెడల్పు ఇచ్చి ఇదే అడిగితే ఆరు నక్షత్రాలు వస్తాయి. అంకె పట్టలేదు, చూసుకో అని దాని భాష. గుమస్తా బాబాయ్‌ని అడిగితే నవ్వాడు.

"చుక్కలొస్తే పెన్నుతో పక్కన రాసేవాణ్ణి అబ్బాయ్. చుక్కలొచ్చాయంటే పెద్ద రైతు అన్నమాట" అన్నాడు.

అదే అంకెను పోస్ట్‌గ్రెస్‌లో చాలామంది వాడే ఎల్‌ప్యాడ్‌కి ఇచ్చి చూడండి. ఎల్‌ప్యాడ్ పేరుకి ఎడమవైపు ఖాళీలు నింపేదే గానీ, అక్షరాలు ఎక్కువైతే కుడివైపు కోసేస్తుంది. 1050000 ఆరు అక్షరాల్లోకి 105000 అయి కూర్చుంటుంది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు, గడిలో అందంగా, నిటారుగా నిలబడుతుంది. పదిన్నర లక్షల బాకీ లక్షా ఐదు వేలైంది. కార్బన్ కాపీలో కూడా అదే. సంతకం కూడా అయిపోతుంది.

ఫార్మాట్ ఫంక్షన్ కోయదు. అది చెప్పేది కనీస వెడల్పే కాబట్టి ఏడో అంకెను కూడా రాసేసి మిగతా లైనునంతా ఒక గడి పక్కకి తోస్తుంది. తప్పు అంకె రాదు గానీ, కమీషన్ వెళ్లి హమాలీ గడిలో పడితే రైతు అడిగే ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది గుమస్తా. టు_చార్ ఒక్కటే ఫాక్స్‌ప్రో దారిలో నడిచింది. టెంప్లేట్‌లో పట్టకపోతే హాష్ గుర్తులు పెడుతుంది. 999 టెంప్లేట్‌కి 12345 ఇస్తే మూడు హాష్‌లు. నాకు కావాల్సిన మర్యాద అదే.

అందుకని అంకెలకీ పేర్లకీ వేర్వేరు చిన్న ఫంక్షన్లు రాశాను. అంకెల ఫంక్షన్ ముందు పొడవు చూస్తుంది. పడితే కుడికి సర్దుతుంది, పట్టకపోతే గడి నిండా హాష్‌లు పెట్టి, రైజ్ వార్నింగ్‌తో పట్టీ నంబరు, గడి పేరు, అసలు విలువ కౌంటర్ తెర మీదికి పంపుతుంది. పేర్ల ఫంక్షన్‌కి కోయడానికి అనుమతి ఉంది, కానీ ముందు ఊరి పేరు, ఆ తర్వాతే మనిషి పేరు. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో అరడజను మంది ఉంటారు. ఇంటిపేరు మిగిలి అసలు పేరు తెగితే ఆ పట్టీ ఎవరిదో దేవుడికే తెలియాలి.

ఎల్‌ప్యాడ్, ఆర్‌ప్యాడ్‌లను అంకెల మీద వాడకూడదని మా టీమ్‌లో నియమం పెట్టాను. కోడ్‌లో ఎక్కడ కనపడినా ఆపేస్తాను. షావుకారు గారికి మాత్రం ఇంకో మాట చెప్పాను, తర్వాతి అచ్చులో ఆ గడిని తొమ్మిది అక్షరాలకి పెంచమని. పట్నంబజారులో ప్రెస్సు వాళ్లకి చెప్తానన్నారు. మేడ మీద పెట్టెలు అయిపోయాక కదా అది.

ప్రింటర్‌తో మాట్లాడటం

డాట్ మ్యాట్రిక్స్‌కి విండోస్ డ్రైవర్ ద్వారా పంపితే అక్షరాలను బొమ్మగా గీస్తుంది. నెమ్మది, మసక. నేరుగా పచ్చి టెక్స్ట్ పంపితే ప్రింటర్ తన సొంత అక్షరాలతో టకటకా కొట్టేస్తుంది. సైగలన్నీ కోడ్ నంబర్లలో ఉంటాయి. 15 పంపితే సన్నక్షరాలు, 18 పంపితే మళ్లీ మామూలు. 27 తర్వాత పెద్ద ఈ పంపితే బోల్డ్, పెద్ద ఎఫ్ పంపితే బోల్డ్ బంద్. 12 అంటే తర్వాతి కాగితం.

పేజీ పొడవు చెప్పడం దగ్గర పోస్ట్‌గ్రెస్ అడ్డం తిరిగింది. 27, పెద్ద సీ, సున్నా, 6 అని పంపితే 6 అంగుళాలు అని అర్థం. పాత ప్రోగ్రాములో అలాగే ఉంది. కానీ పోస్ట్‌గ్రెస్ టెక్స్ట్‌లో సున్నా కోడ్ ఉన్న అక్షరానికి చోటే లేదు, కోడ్ నంబరుకి అక్షరం ఇచ్చే సీహెచ్‌ఆర్‌ని సున్నా అడిగితే ఎర్రర్ ఇస్తుంది. దారి ఏమిటంటే అంగుళాల్లో కాకుండా వరుసల్లో చెప్పడం: 27, పెద్ద సీ, 36. మధ్యలో సున్నా అక్కర్లేదు. లెక్క అదే, ఫలితం అదే.

సర్వర్ లైనక్స్ కావడంతో ఇంకో చిక్కు. లైను చివర 10 ఒక్కటే వెళ్తుంది, 13 వెళ్లదు. ప్రింటర్ తల కిందికి దిగుతుంది గానీ ఎడమ అంచుకి రాదు. దాంతో పట్టీ కొండవీడు కోట మెట్లలా ఒక్కో లైనూ కుడికి జరుగుతూ దిగింది. ప్రతి లైను చివరా సీహెచ్‌ఆర్ 13 చేర్చాక సర్దుకుంది. ఇది చూసుకునేటప్పుడు పీఎస్‌క్యూఎల్ అలైన్డ్ పద్ధతిలో ఉంటే 13, 27 లాంటి కంట్రోల్ అక్షరాలను అసలు రూపంలో పంపకుండా బ్యాక్‌స్లాష్ గుర్తులుగా రాసి చూపిస్తుంది. పరీక్షించేటప్పుడు మంచిదే, ప్రింటుకి మాత్రం అన్‌అలైన్డ్ తప్పనిసరి.

అక్షరాల్లో మొత్తం

అడుగున మొత్తాన్ని ఇంగ్లిష్ మాటల్లో రాయాలి. ఒరాకిల్‌లో జూలియన్ తేదీ అడ్డం పెట్టుకుని అంకెను మాటల్లోకి మార్చే చిట్కా ఒకటి తిరుగుతూ ఉంటుంది. 12,76,800 ఇస్తే వన్ మిలియన్ టూ హండ్రెడ్ సెవెంటీ సిక్స్ థౌజండ్ ఎయిట్ హండ్రెడ్ అంటుంది. యార్డులో మిలియన్ ఎవరిక్కావాలి? పైగా 53,73,484 దాటితే అదీ పనిచేయదు. పోస్ట్‌గ్రెస్‌లో ఆ చిట్కా ఎలాగూ లేదు. కోటి, లక్ష, వెయ్యి, వంద అని భాగించుకుంటూ సొంతంగా రాసుకున్నాను. 1 నుంచి 19 దాకా మాటల వరుస ఒకటి, పదుల వరుస ఒకటి. మొదటి లైనులో పట్టకపోతే మాట మధ్యలో తుంచకుండా రెండో లైనుకి దించడం, మిగిలిన ఖాళీని చుక్కలతో నింపడం. ఎవరూ తర్వాత ఏమీ చేర్చకుండా.

తెలుగులో పట్టీ

రైతు పేరు తెలుగులో రావాలని షావుకారు గారి అబ్బాయి అడిగాడు. న్యాయమైన కోరికే. కానీ ఈ దారిలో కుదరదు. ఈ ప్రింటర్ సొంత మెమరీ అయిన రోమ్‌లో తెలుగు అక్షరాలు లేవు. ఉన్నా ఖాళీల లెక్క నిలవదు. గుంటూరు అనే మాట కంటికి మూడు అక్షరాలు, లెంగ్త్ ఫంక్షన్‌కి ఏడు, ఎందుకంటే గుణింతం గుర్తులూ సున్నా విడివిడిగా లెక్కకొస్తాయి. ఆక్టెట్ లెంగ్త్ అడిగితే 21 బైట్లు. ఫార్మాట్ 12 వెడల్పు ఇచ్చి ఐదు ఖాళీలు కలుపుతుంది, కాగితం మీద ఆ మాట ఎంత చోటు పడుతుందో దానికి తెలియదు. గడులు కలవవు.

తెలుగు కావాలంటే ఫోన్‌లో చూపించే పట్టీలో టేబుల్ గీసి, వెడల్పు పని బ్రౌజర్‌కి వదిలేయాలి. అలాగే చేస్తున్నాం. కాగితం మీద పెద్దబడి ఇంగ్లిష్ అక్షరాలే.

పోల్చి చూడటం

ఫాక్స్‌ప్రోలో సెట్ ప్రింటర్ టు అని ఫైలు పేరు ఇస్తే కాగితం బదులు టెక్స్ట్ ఫైలు వస్తుంది. పోయిన సీజన్ పట్టీలన్నిటినీ అలా ఫైళ్లలోకి తీశాను. అవే పట్టీలను కొత్త ఫంక్షన్‌తో కూడా తీసి, రెండిటినీ తేడాలు చూపించే డిఫ్ ప్రోగ్రాముతో పోల్చాను. ఇంతకంటే మంచి పరీక్ష నాకు తెలియదు, కళ్లతో చూస్తే తప్పుకుపోయేవన్నీ దొరుకుతాయి.

తేదీ తేడా అన్నిటిలోనూ వచ్చింది. పాతదాంట్లో సెట్ సెంచరీ ఆఫ్‌లో ఉండి సంవత్సరం రెండంకెలే. ఆ గడిలో పది అక్షరాలు పడతాయి కాబట్టి నాలుగంకెలే ఉంచాను. కాటా టైము గడి కోసం టు_చార్‌లో నిమిషాలకి ఎంఐ రాయాలి, ఎంఎం అంటే నెల. ఎంఎం పెడితే మే నెలంతా ప్రతి కాటా గంట దాటి సరిగ్గా ఐదో నిమిషానికే జరిగినట్టు ఉంటుంది. మిగిలిన తేడాలన్నీ నక్షత్రాల బదులు హాష్‌లు పడినవే. వాటిని చూసి బాబాయ్ "గుర్తు మారింది, మిగతాదంతా మునుపటిలాగే ఉంది" అన్నాడు.

ఇక మిగిలింది

రోజు చిట్టా. దాంట్లో గడులు చాలా ఎక్కువ, 80 అక్షరాల్లో పట్టవు. సన్నక్షరాల్లో అయితే ఇదే కాగితం వెడల్పులో 137 దాకా పడతాయి. గడులకి 131 సరిపోయాయి, మిగిలిన ఆరూ బయానాకి ఇచ్చేశాను. అక్కడ ఇప్పుడు 12 అక్షరాలు, కామాలతో సహా. యార్డు తెరిచేలోపు రెండో కౌంటర్ ప్రింటర్‌కి కొత్త రిబ్బన్ వేయించి, అందులో కూడా స్కేలు లైను ఒకసారి ప్రింటు తీయాలి. రెండు ప్రింటర్ల ఎడమ అంచు ఒకచోట మొదలవుతుందన్న నమ్మకం నాకు లేదు.